అమ్మమ్మ కాచి పోసిన వెన్న

మా చిన్నప్పుడు... ఒక వేసవి సెలవుల్లో నాకు అప్పగించిన పని ఒక్కటే. వెన్న గిన్నె పక్కన కూర్చుని విసనకర్రతో విసరడం. మే నెల ఉక్కపోతకి ఇంట్లో అందరూ చెమటలు కక్కుతుంటే, నేను మాత్రం వెన్నకి గాలి తగిలేలా చూస్తున్నాను.

నవ్వకండి... ఆ వెన్న కరిగితే సుధక్క చదువు గంగలో కలిసినట్టేనని నాకు గట్టిగా చెప్పి కూర్చోబెట్టారు.

సుధక్క మా పెద్దమ్మ కూతురు. ఇంటర్ పూర్తవగానే హైదరాబాద్ వెళ్ళి కేకులు, బిస్కెట్లు చేసే కోర్సు చదువుతానంది. గన్నవరంలో తాతయ్యగారింట్లో ఆ మాట అనడానికి ఎంత గుండె ధైర్యం కావాలో మాకు తెలుసు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. "పదిమందికి వండిపెట్టడానికా నిన్నింతదాకా చదివించింది?" అన్నారు. పెద్దనాన్నేమో "మావయ్యగారి మాటే నా మాట" అని పేపరు మొహానికి అడ్డం పెట్టేసుకున్నారు.

అక్క అన్నం మానేసి కూర్చుంది. చివరికి తాతయ్యే కాస్త తగ్గారు.

"ఆదివారం అందరూ వస్తున్నారుగా. ఆ చదువులో ఏముందో ఒకటి చేసి చూపించు. తిన్నాక చెప్తాను."

అక్క మామిడిపండుతో 'పై' అనే వంటకం చేస్తానంది. కాలేజీలో హోమ్‌సైన్స్ మేడం దగ్గర నేర్చుకుందట. మైదాలో చల్లటి వెన్న ముక్కలు కలిపి, ఆ పిండిని పల్చగా వత్తి పళ్ళెంలో పరవాలి... మధ్యలో పండు ముక్కలు నింపి, మీద ఇంకో పొర కప్పి కాల్చాలి. వెన్న చల్లగా ఉంటేనే పొరలు విడివిడిగా వస్తాయి, కరిగిందంటే అంతా దండగ.

మాకు ఫ్రిజ్ లేదు. ఎదురింట్లో ఉంది గానీ ఆ ఆదివారం పొద్దుటి నుంచి కరెంటు లేదు. ఐస్‌ఫ్రూట్ బండి అతన్ని బతిమాలి తెచ్చుకున్న ఐసు ముక్కల మధ్య వెన్న గిన్నె పెట్టాం. వేడి గాలి విసిరితే ఐసు ఇంకా తొందరగా కరుగుతుందని నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ తెలియలేదు... అప్పుడు మాత్రం చేతులు పడిపోయేలా విసిరాను.

పెరట్లో బొగ్గుల కుంపటి మీద పెద్ద డేగిసా, దాని అడుగున జల్లించిన కృష్ణ ఇసుక, మూత మీద కూడా నిప్పులు... అదే మా ఓవెన్. అక్క వెన్న ముక్కల్ని పిండిలో వేసి, అలా పక్కన పెట్టి, నిప్పులు చూడటానికి పెరట్లోకి వెళ్ళింది.

అప్పుడొచ్చింది అమ్మమ్మ.

పిండిలో కనిపిస్తున్న వెన్న ముక్కల్ని చూసి నొచ్చుకుంది. "ఇదేం కలపడమే? ఇట్టా అయితే పిండి గుల్లొస్తుందా?" అంటూ ఒక్కో ముక్కా ఏరి బాణలిలో వేసింది. గిన్నెలో మిగిలిందీ వేసింది. "అమ్మమ్మా, అక్క వద్దంది" అన్నాను. "నువ్వుండవే. కజ్జికాయల పిండి ఎన్నేళ్ళ నుంచి కలుపుతున్నానో నాకు తెలీదా?" అంది.

వెన్న కాగింది. చుర్రుమని పిండి మీద పోసేసింది.

అక్క లోపలికి వచ్చి చూసింది. మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఇంట్లో ఇంక వెన్న లేదు. ముందు గదిలో మావయ్యలు, పిన్నులు, వాళ్ళ పిల్లలు అందరూ దిగిపోయారు. "ఏమైందే, తప్పు చేశానా?" అంది అమ్మమ్మ. నాకు ఏడుపొచ్చేసింది.

అక్క పిండి వత్తబోతే ఇసుకలా రాలిపోయింది. మళ్ళీ ముద్ద చేసింది, మళ్ళీ రాలింది. చివరికి అప్పడాల కర్ర పక్కన పడేసి, ఆ పిండిని వేళ్ళతోనే పళ్ళెంలో అదిమింది. బంగినపల్లి ముక్కల్లో పంచదార, యాలకుల పొడి, కాస్త కలెక్టర్ మామిడి పులుపు కలిపి నింపింది. పైపొర ఎలాగూ రాదు కాబట్టి మిగిలిన పిండిని పొడిపొడిగా చల్లేసి డేగిసాలో పెట్టింది.

అది కాలాక అక్క తాతయ్య పళ్ళెంలో ముక్క పెట్టింది. ఆయన తిన్నారు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. "నువ్వు చెప్పిన పొరలు ఏవమ్మా?" అన్నారు.

అక్క తల వంచుకుంది. అమ్మమ్మ పేరు మాత్రం ఎత్తలేదు.

వంటింటి గుమ్మంలోంచి అమ్మమ్మ ముందుకొచ్చింది. మగవాళ్ళు తింటున్నప్పుడు ఆవిడ ఆ గదిలో మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"ఏవండీ... పిండి చెడగొట్టింది నేను. నాకు తెలిసిందే రైటనుకుని వెన్న కాచి పోసేశాను. ఆ చెడిన దాంతోనే అది ఇంతమందికీ చేసిపెట్టింది. నా తప్పుకి దాని చదువు ఆపకండి."

ఆవిడ అక్కడి నుంచి కదల్లేదు. తాతయ్య ఆవిడ వంక చూశారు. ఆయన పళ్ళెంలో మిగిలిన పొడి కూడా వేళ్ళతో ఏరుకుని తిని, పెద్దనాన్న వైపు తిరిగారు.

"అల్లుడుగారూ, పిల్లని హైదరాబాదులో ఎప్పుడు దింపిరావాలో కనుక్కోండి."

సుధక్క వెళ్ళి అమ్మమ్మని పట్టుకుని ఏడ్చేసింది. అమ్మమ్మకి మాత్రం ఆ కోర్సు పేరు చివరిదాకా నోరు తిరగలేదు.

ఇప్పుడు మా ఇంట్లో పెద్ద ఓవెన్ ఉంది, కరెంటు పోతే ఇన్వర్టర్ ఉంది. ఎవరికి కావాల్సింది వాళ్ళు ఫోన్లో తెప్పించుకుని ఎవరి గదిలో వాళ్ళు తింటున్నాం. ఎవరి నిర్ణయాలు వాళ్ళవే, మంచిదే... కానీ మన కోసం ఇంకొకరు గుమ్మం దాటి వచ్చి మాట్లాడటం అనేది మా పిల్లలకి తెలియకుండానే పోతోంది.

మీ ఇంట్లోనూ అలా మీ తరఫున నోరు విప్పినవాళ్ళు ఉండే ఉంటారు... వాళ్ళు మీకేమవుతారో, ఆ రోజు ఏమన్నారో కింద రాయండి. ఆ రోజు నువ్వు చేసింది ఎంత పెద్ద పనో అని అమ్మమ్మకి నేను చెప్పలేకపోయాను, మీవాళ్ళు ఉంటే ముందు వాళ్ళకి చెప్పి రండి.