దీవెన వాళ్ళమ్మ

కోవిడ్ తర్వాత బళ్ళు మళ్ళీ తెరిచిన ఏడాది. ఏలూరులో ఓ పిల్లల క్లినిక్‌లో థెరపిస్టుగా చేస్తున్నాను. గుండుగొలను అవతల, కొల్లేటి వైపు పల్లె నుంచి సుగుణ అనే ఆవిడ తన ఏడేళ్ళ కూతురు దీవెనను తీసుకొచ్చింది. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల బళ్ళో ఒక్క ముక్క పలకదు. దీన్ని మేం సెలెక్టివ్ మ్యూటిజం అంటాం. పొగరూ కాదు, మొండితనమూ కాదు. భయంతో గొంతు పెగలదు, అంతే. వేసవి సెలవుల్లోపు నోరు విప్పకపోతే వేరే బడి చూసుకోమని బడివాళ్ళు చెప్పేశారట.

ప్రతి గురువారం రెండు బస్సులు మారి వచ్చేవారు. తండ్రి చేపల చెరువు కాపలా, గట్టు మీదే మకాం. అందుకని ఎప్పుడూ తల్లీకూతుళ్ళే. పిల్ల ఆడుతుంటే సుగుణ గోడవారగా బెంచీ మీద కూర్చునేది.

ఏడో వారం, బొమ్మ వంటసామాన్లలోంచి గరిటె తీసుకోబోయాను. దీవెన నా చెయ్యి తోసేసి, "ఇవ్వను" అంది. ఏడు వారాల్లో నా ముందు పలికిన తొలి మాట అదే.

వెంటనే బెంచీ మీంచి సుగుణ, "తప్పమ్మా. ఇవ్వనండీ అనాలి" అంది.

పిల్ల మూతి బిగుసుకుపోయింది. నాకు ఒళ్ళు మండింది. నోటిదురుసు నాకు పుట్టుకతోనే వచ్చింది లెండి. "ఏడు వారాల కష్టం ఒక్క మాటతో పాడుచేశారు కదండీ. మర్యాదలు తర్వాత నేర్పుకోవచ్చు, ముందు దాన్ని మాట్లాడనివ్వండి" అన్నాను, ఆ పిల్ల ముందే.

"తెలీక అన్నానండీ" అని సుగుణ తల దించుకుంది.

మరుసటి గురువారం రాలేదు. ఆపై మూడు వారాలూ రాలేదు. ఆ గంట ఇంకెవరికీ ఇవ్వబుద్ధి కాలేదు. బొమ్మలు పరుచుకుని ఒక్కదాన్నే కూర్చునేదాన్ని. చివరికి సిగ్గు విడిచి ఫోన్ చేశాను.

"నేనేం మాట్లాడినా తప్పవుద్దేమోనని భయమేసిందండీ. అందుకే రాలేదు" అంది సుగుణ.

అచ్చం కూతురి జబ్బే. ఆవిడ కూతురికి చేసిందే నేను ఆవిడకు చేశాను. "తప్పు నాదండీ. మీరు లేకుండా నా ఒక్కదాని వల్ల కాదు, రండి" అన్నాను.

వచ్చారు. ఈసారి సుగుణను బెంచీ మీద ఉంచలేదు. చాప మీద కూర్చోబెట్టి ఆట ఆవిడ చేతికే ఇచ్చాను. పిల్ల నిద్ర, తిండి, బడి గురించి ఆవిడ చెబుతుంటే రాసుకునేదాన్ని. ఆవిడకు ధైర్యం వచ్చేకొద్దీ దీవెన గొంతు పెరిగింది. సెలవులు ఇంకో వారంలో మొదలవుతాయనగా, తరగతిలో హాజరు పలికిందని టీచరుగారు ఫోన్ చేశారు.

ఆ గురువారం వాళ్ళు రాగానే, "ఇంక మీరు రానక్కర్లేదండీ" అన్నాను సంబరంగా.

సుగుణ కళ్ళు తుడుచుకుని నవ్వింది. సంచి భుజాన వేసుకుని గుమ్మం దగ్గర ఆగింది. "మరి నేనెవరితో మాట్లాడేదండీ?" అంది.

అన్ని వారాలూ ఫైలు నిండా పిల్ల సంగతులే రాశాను. ఈ మనిషికి పలకరించే దిక్కు లేదన్న ముక్క అందులో ఎక్కడా లేదు.

ఇప్పుడు ఏ పిల్లను తెచ్చినా మొదటి రోజే తల్లిని పక్కకు పిలిచి ఆ ప్రశ్న నేనే అడుగుతాను: "మీరు ఎవరితో మాట్లాడతారండీ?" చాలామంది వెంటనే చెప్పలేరు.