పాత రేకులు

2020 ఫిబ్రవరి చివరి వారంలో, రిటైర్మెంటుకు ఏడాది ఉందనగా, సూరత్‌లోని బమ్రోలిలో ఒక ఇంటి కప్పు పని నాకు అప్పగించారు. నేను ఆ ఊళ్లోనే ఉధ్నాలో ఒక చిన్న కాంట్రాక్టరు దగ్గర సైట్ ఇంజనీరును. పేరు పెద్దదే గానీ, మా దగ్గర కొలతలు తీసేదీ, కూలీలను కుదిర్చేదీ, ఇంటివాళ్లతో మాటలు పడేదీ ఆ ఒక్కడే.

ఇల్లు మల్లేశంది. కరీంనగర్ వైపు నుంచి వచ్చి, పాతికేళ్లు మరమగ్గాల మీద నిలబడి కొనుక్కున్న రెండు గదులు. పైన సిమెంటు రేకులు. అతని తల్లి పోశవ్వకు ఆయాసం. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ రేకుల కింద ఆమెకు ఊపిరి ఆడేది కాదు. ఈసారి వేసవికల్లా అత్త స్లాబు కింద పడుకోవాలని కోడలు రాజవ్వ పట్టుబట్టింది. రాజవ్వ ఇంట్లోనే మిషను మీద కండెలు చుట్టేది.

ఇల్లు బాగుచేయించుకునేవాళ్లు పని మొదలుకాక ముందే తేల్చుకోవాల్సిన సంగతులు కొన్ని ఉంటాయి. పక్కింటివాళ్ల ఒప్పుకోలు, సామాను పెట్టే చోటు, పని జరిగినన్నాళ్లు ఉండే చోటు, నీళ్లు. వీటిని నేను ఒక కాగితం మీద రాసి ఇచ్చేవాణ్ని. చాలామంది దాన్ని మడిచి జేబులో పెట్టుకుని మరిచిపోతారు. రాజవ్వ గోడకు అంటించి, ఒక్కొక్కటి తేలగానే దాని పక్కన కుంకుమ బొట్టు పెట్టింది. నా సర్వీసులో అంత బాగా సిద్ధమైన ఇల్లాలిని చూడలేదు.

పక్కింటి ఒడియా మగ్గం పనివాడితో మాట్లాడి ఒప్పించింది. కండెల మిషను వాళ్ల వరండాలోకి చేరింది. ఉండడానికి ఉధ్నాలో ఆమె తమ్ముడి గది. ఆ తమ్ముడూ, అతని ఇద్దరు కొడుకులూ, మల్లేశం, నలుగురిదీ రాత్రి పాళీయే. రాత్రి తమ్ముడి భార్యతో కలిపి ముగ్గురు ఆడవాళ్లు పడుకుంటే పగలు మగవాళ్లు పడుకుంటారు. సూరత్‌లో మగ్గాలవాళ్ల గదులు చాలావరకు ఇలా పాళీల మీదే నడుస్తాయి. నేనే వెళ్లి చూసి, సరిపోతుందన్నాను. మగ్గాలు ఆగితే ఏమవుతుందన్న ప్రశ్న నాకు తట్టలేదు.

గోడలూ చూశాను. వెనక గోడ మట్టితో కట్టింది. దాని పక్కన రెండు పిల్లర్లు లేపితే స్లాబు బరువు దాని మీద పడదు. అది తడవకుండా ఉంటే చాలు.

మార్చి 25 ఉగాది. ఆ రోజుకు వేరే ముహూర్తం చూడనక్కర్లేదని మల్లేశం అప్పుడే పని మొదలుపెడదామన్నాడు. ఇక్కడ మా పనిలో ఒక నియమం చెప్పాలి. సెంట్రింగ్ సామాను, అంటే స్లాబు ఆరేదాకా మోసే చెక్కలూ కర్రలూ, గల్లీలోకి వచ్చాకే పాత కప్పు విప్పాలి. కొత్త కుర్రాళ్లకు ఈ నియమం నేర్పింది నేనే. సెంట్రింగ్ సోమవారం వస్తుందన్నారు. రేకులు విప్పే పనివాళ్లు మాత్రం అంతకు ముందు గురు, శుక్రవారాలే ఖాళీ, తర్వాత ఊరికి వెళ్తామన్నారు. వేరేవాళ్లను వెతకడం నాకు బద్ధకం. గురువారమే విప్పించాను. ముహూర్తం కోసం తొందరపడ్డామని చాలాకాలం అందరికీ చెప్పుకున్నాను. అది నిజం కాదు.

పని మాత్రం శుభ్రంగా జరిగింది. దుమ్ము లేవకుండా రేకుల మీద నీళ్లు చల్లించి, బోల్టులు కోయించి, ఒక్కొక్కటీ తాళ్లతో దింపించాను. రెండే పగిలాయి. మిగతావి గోడకు ఆనించి పెడుతుంటే రాజవ్వ వచ్చింది.

“సారు, ఇవి జర నెల దినాలు గిట్లనే ఉంచుదుమా? స్లాబు పడ్డంక ఇచ్చేద్దాం.”

“గల్లీల టెంపో తిరగాలె గదమ్మా. సెంట్రింగ్ యాడ దింపాలె? భంగార్‌వాణ్ని పిలువు.”

“గాదు సారు, ఇంటి మీద ఏం లేకుంటె ఎట్లనో అనిపిస్తది.”

“ముప్పై ఏండ్ల సంది ఇదే పని చేస్తున్న. నాకు ఎరుకలేదా?”

ఆమే వెళ్లి వాణ్ని పిలుచుకొచ్చింది. సాయంత్రం పాతసామాను బండి రేకులన్నీ ఎత్తుకుపోయింది. వాటిని పక్కింటి మేడ మీద పెట్టించవచ్చని నాకు అప్పుడు తోచలేదు. తోచేంతసేపు ఆలోచించలేదు.

ఆదివారం కర్ఫ్యూ అన్నారు. సోమవారం సెంట్రింగ్ రాలేదు. ఉగాది నాడు దేశమంతా మూతపడింది. మగ్గాలు ఆగేసరికి ఉధ్నా గదిలో రెండు పాళీల మనుషులూ ఒకేసారి మిగిలారు, ఏడుగురు. నాలుగు రోజులు చూసి మల్లేశం తల్లినీ భార్యనూ తీసుకుని బమ్రోలికి తిరిగొచ్చి, గోడల మీద టార్పాలిన్ కట్టుకున్నాడు. రేకులుంటే ఇరుగుపొరుగు కలిసి ఒక్క రోజులో మళ్లీ కప్పేసేవాళ్లు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు. కప్పు విప్పి కూర్చోమని ఏ పెద్దలూ అనలేదు. నేను మూడో అంతస్తులోని మా ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని ఫోన్లు చేశాను. రేకుల దుకాణం మూత, గోడౌనుకు తాళం, మా కాంట్రాక్టరు ఫోను ఎత్తడు. ఏప్రిల్ ఎండకు టార్పాలిన్ కింద రేకుల కంటే ఎక్కువ ఉడికిపోయేది. మధ్యాహ్నాలు ఒడియావాళ్లు పోశవ్వను తమ ఇంట్లో పడుకోబెట్టుకున్నారు. మొదట్లో రోజూ మల్లేశంతో మాట్లాడేవాణ్ని. తర్వాత రెండు మూడు రోజులకోసారి. ఆపైన వాళ్లే చేస్తారులే అని ఊరుకున్నాను. సిగ్గే కారణం. పని లేకపోయినా బిజీగా ఉన్నానని ఒకసారి అబద్ధం కూడా చెప్పాను.

మేలో రైళ్లు వేసినప్పుడు వాళ్లు ఊరికి వెళ్లిపోయారు. జూన్‌లో వానలు పట్టుకున్నాయి. అక్టోబరులో నేను వెళ్లి చూసేసరికి వెనక గోడ లోపలికి పడిపోయి ఉంది. గదుల్లో మోకాలెత్తు గడ్డి. మళ్లీ కట్టడానికి వాళ్ల దగ్గర ఏమీ మిగల్లేదు. మరుసటి ఏడు మల్లేశం దాన్ని ఇల్లుగా కాదు, జాగాగా అమ్మాడు.

పోశవ్వ ఆ వానాకాలంలోనే, ఊళ్లో పోయింది. టార్పాలిన్ కింద గడిపిన రోజులకూ దానికీ సంబంధం ఉందని డాక్టరును కాని నేను చెప్పలేను. లేదని కూడా చెప్పలేను.

రిటైరయ్యాక ధైర్యం చేసి ఫోన్ చేశాను. రాజవ్వ ఎత్తింది. తప్పు నాదేనన్నాను.

“మిమ్ముల ఏమంట సారు. ఇసొంటి రోగమొస్తదని ఎవలకెరుక?” అంది. ఆ వెంటనే, “గని రేకులు ఉంచుమని నేనడిగితి గదా” అంది.

ఇప్పటికీ ఎవరైనా ఇల్లు బాగుచేయించుకుంటూ సలహాకు వస్తారు. టైల్సు గురించీ రంగుల గురించీ అడుగుతారు. నేను ముందు పాత కప్పు ఎక్కడ దాస్తారో అడుగుతాను. ఆ ప్రశ్న ఇంటి యజమానిని కాదు, ఇల్లాలిని పిలిపించి అడుగుతాను. ఆమె చెప్పడం అయ్యేదాకా నేను మాట్లాడను.