ఒక్క కోతా, మూడు కోతలా: మా మామ పెట్టిన పాయింటు

చేతికి సెల్‌ఫోను వచ్చి, చేలోకి మాత్రం నీళ్లు రాని ఆ రోజుల్లో, మా గద్వాల వైపు మనిషి గొప్పతనాన్ని అతను వేయించిన బోర్లను బట్టి కొలిచేవాళ్లు. ఒక్క బోరుకే నీళ్లు పడ్డవాడు అదృష్టవంతుడు. మూడు వేయించినా పడనివాడు అనుభవజ్ఞుడు. పెద్దమనిషి హోదా ఈ రెండో రకానికే దక్కేది. మా మేనమామ అలాంటి పెద్దమనుషులను తయారుచేసేవాడు. అరచేతిలో కొబ్బరికాయను అడ్డంగా పడుకోబెట్టుకుని చేనంతా తిరిగి, కాయ లేచి నిలబడిన చోట “ఈడ ఎయ్యి బోరు” అని చెప్పడం ఆయన విద్య. గట్టు అనే ఊరి నుంచి మల్దకల్ దాకా ఆయన పాయింటు పెట్టని చేను లేదు. వాటిలో కొన్నిట్లో నీళ్లు కూడా పడ్డాయని వినికిడి. (నిండు చెరువు మధ్యలో నిలబెట్టినా ఆయన కాయ పడుకునే ఉంటుందని గిట్టనివాళ్లు అనేవాళ్లు. నాకు ఆయనంటే ఇష్టమే, అయినా నేనూ అనేవాణ్ణి.)

నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. ఎత్తు ఆరడుగులు, బరువు చెప్పుకోదగ్గది కాదు. పత్తి విత్తనాల కంపెనీలో చేలవెంట తిరిగే ఉద్యోగం. ఒకనాడు గట్టు దారిలో బండి మీదుండగా ఎడమ పక్కన కత్తి దిగినట్టయి ఊపిరి సగంలో ఆగింది. గద్వాల దవాఖానలో ఎక్స్‌రే తీసి, ఊపిరితిత్తి మీది చిన్న బుడగ పగిలి గాలి కారిందనీ, తిత్తి ముడుచుకుపోయిందనీ చెప్పి పక్కలోంచి గొట్టం వేశారు. మూడు నెలలకు మళ్లీ అదే కథ. ఈసారి గొట్టంతో సహా హైదరాబాదుకు పంపారు. అక్కడి సర్జన్ మా అమ్మతో మెల్లగా అన్నాడు: “మూడోసారి ఎక్కడో చేలో ఒంటరిగా ఉన్నప్పుడు వస్తే ప్రమాదం తల్లీ. ఆ బుడగలున్న ముక్క తీసేద్దాం. ఛాతీ మొత్తం తెరవక్కర్లేదు. పక్కటెముకల మధ్య ఒక్క కోత పెట్టి, కెమెరా, పరికరాలు అందులోంచే పంపొచ్చు. లేదా మూడు చిన్న కోతలు పెట్టొచ్చు. ఒక్కటైతే నొప్పి కాస్త తగ్గొచ్చు, మచ్చ ఒకటే. మూడైతే మా చేతులు ఆడడానికి వీలెక్కువ. నయం కావడం మాత్రం రెండింటిలోనూ ఇంచుమించు ఒకటే.”

నేను క్షణం ఆలోచించకుండా “ఒక్కటే” అన్నాను. వైద్య పరిజ్ఞానంతో కాదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడు తాలూకాల్లో ఒక్క కోత మనిషిని నేనే అవుతానన్న కీర్తి కాంక్షతో. మా అమ్మ మాత్రం “మా అన్న రానిది నేను సంతకం పెట్ట” అని తేల్చేసింది.

మామ మర్నాడు దిగాడు, చేతిసంచిలో కొబ్బరికాయతో. మంచం కింద నా గొట్టం దిగిన సీసాలో బుడగలు రావడం చూసి తల అడ్డంగా ఊపాడు.

“ఏంది చెల్లే, గిది ఒట్టి గాలే తంతుంది గదా! ఒక్క బోరుతోని పనైతదా? మూడు ఏయాలె.”

“మామా, గిది బోరు కాదు, నా ఛాతీ!” అన్నాను.

“నువ్వు సప్పుడు చెయ్యకు అల్లుడా. నీకేం తెల్వదు. ఇరవై ఏండ్ల సంది చూస్తున్న, ఒక్క తూటుకు ఎవనికన్న నీళ్లు పడ్డయా?”

నాకు పడాల్సింది నీళ్లు కాదని చెప్పేందుకు ఊపిరి చాల్లేదు. అలా ఆపరేషన్ ఆ రోజుకు ఆగిపోయింది. మరునాడు ఏకంగా కాయను అరచేతిలో పెట్టుకుని నా మంచం చుట్టూ ప్రదక్షిణ మొదలుపెట్టాడు. వార్డంతా గుడ్లప్పగించి చూస్తోంది. కాయ సరిగ్గా నా కుడి పక్కకు రాగానే నిటారుగా లేచింది. (పాడైంది ఎడమది. నేను ఆ నిమిషం బతికి ఉన్నది కుడిదానితోనే.) “ఈడనే!” అన్నాడు మామ. సరిగ్గా అప్పుడే డాక్టరు లోపలికొచ్చాడు.

ఆయన నవ్వలేదు, అదీ గొప్ప. విషయమంతా విని, “పెద్దాయనా, మీరు చేలో మూడు బోర్లూ ఒకేసారి వేయిస్తారా?” అని అడిగాడు.

“గట్లెట్ల సారూ? ఒకటి ఏసి చూస్తం. పడకుంటెనే ఇంకోటి.”

“నేను చేసేదీ అదే. ఒక్కటి పెట్టి లోపల చూస్తాను. వీలు కాకపోతే ఇంకోటి పెడతాను.”

మామ కాయను మళ్లీ చేతిసంచిలో పెట్టేశాడు. “పెట్టు చెల్లే సంతకం” అన్నాడు.

తెలివొచ్చేసరికి పక్కన రెండు కట్లున్నాయి. తిత్తి ఒకచోట ఛాతీ గోడకు అతుక్కుపోయి ఉందట, రెండో కోత తప్పలేదట. “నువ్వు ఒకటంటివి, నేను మూడంటి, సారు నడుమ తెంపిండు. గిదిరా పంచాయితి అంటే!” అని మామ వార్డు వార్డంతా తిరిగి చాటాడు. నా కీర్తి అలా సగానికి సగం పడిపోయింది. అయినా మామ చాటింపు చేరని అచ్చంపేటలో మాత్రం ఒక్కటేనని చెప్పుకున్నాను. అక్కడ అంగీ విప్పమని ఎవరూ అడగలేదు.

గొట్టం తీసిన రోజు మామను నిలదీశాను. “మూడు మూడని రెండు రోజులు నా పానం తీస్తివి, ఎందుకు మామా?”

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు: “ఒక్కటే అంటే బుగులైందిరా. గదిగూడ ఒట్టిగ పోతే ఇంగ చెయ్యనీకి ఏముంటది? మూడంటే, ఒకటి పోయినా రెండున్నయిలే అని ధైర్యం.”

నేను పగలబడి నవ్వాను. కుట్లు లాగితే, చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వాను.

ఇప్పుడు నాకు దాదాపు అప్పటి మామ వయసు. మొన్న మా అమ్మాయికి అపెండిక్స్ ఆపరేషన్ అన్నారు. డాక్టరమ్మ “భయం లేదు, ఒక్క చిన్న కోత చాలు” అంది. “ఇంకో రెండు పెట్టరాదా మేడం” అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. మచ్చల లెక్క కోసం మామతో కొట్లాడిన ఆ ఆరడుగుల బక్కవాడు విని ఉంటే మళ్లీ పగలబడి నవ్వేవాడే. నవ్వనీ పాపం. వాడు అప్పుడు భయపడాల్సింది వాడి ఒక్క ప్రాణానికే.