మా గడప కోసం కొట్లాడిన వకీలక్క

మా వకీలక్క పోయిందని పోయిన వారం పొద్దున్నే ఆమె చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. పసుపు కొమ్ములు ఎండబోస్తున్నదాన్ని గంప అక్కడే దించేశాను. కొన్నాళ్లుగా ఒంట్లో బాగాలేదని తెలుసు. తెలిసినంత మాత్రాన మనసు ఊరుకుంటుందా?

ఆమె బోధన్‌లో వకీలు. వాళ్లది కోస్తా నుంచి వచ్చి కాలువ కింద చెరకు వేసుకున్న కుటుంబం. మామూలప్పుడు "చూద్దామండి, అలాగేనండి" అనేది. కోపం వస్తే మాత్రం మా తెలంగాణ మాట దూకుకుంటూ వచ్చేది. వయసులో నాకంటే చిన్నదే అయినా నేను అక్కా అనే పిలిచేదాన్ని. "నన్ను ముసలిదాన్ని చేస్తున్నారండీ" అని నవ్వేది.

మాది నందిపేట్ దగ్గర పల్లె. ఇంట్లోనే పసుపు పట్టి నిజామాబాద్‌లో అమ్ముతాను. ఒకసారి ఒక యూట్యూబ్ చానెల్ అతను మేం పసుపులో రంగు కలుపుతున్నామని వీడియో పెట్టాడు. మా గేటు, వీధి, వాకిలి ఊడుస్తున్న మా బిడ్డ, గోడమీది ఫోన్ నంబరు, అన్నీ అందులో ఉన్నాయి. ముక్కూమొహం తెలియనివాళ్లు ఫోన్ చేసి తిట్టారు. కొందరు గేటు ముందుకే వచ్చి మళ్లీ వీడియోలు తీశారు. ఇంటర్ చదివే మా బిడ్డ కాలేజీ మానేసి, కిటికీకి దుప్పటి కట్టుకుని లోపలే ఉండిపోయింది.

మా చుట్టాలు ఊరుకున్నారా! "ఇది అబద్ధం, నమ్మొద్దు" అని రాసి, ఆ వీడియోనే కనబడ్డ గ్రూపులన్నిటికీ పంచారు.

అక్క ఆఫీసుకు వెళ్లిన మొదటిరోజు నేను ఫోన్ తీసి వీడియో పెట్టబోయాను. చుట్టూ నలుగురు కూర్చుని ఉన్నారు. "ఆపండి. మీ నోటితో చెప్పండి, వింటాను" అంది. అందరూ వెళ్లాకే తలుపు వేసి చూసింది. చూశాక, "వాడికంటే మీవాళ్లే ఎక్కువ పంచారండీ" అని, నా ఎదుటే ఒక్కొక్కరికీ ఫోన్ చేయించింది. మెండోరలో ఉన్న మా మేనమామకు కోపమొచ్చింది. "నీ దిక్కుకెల్లి కొట్లాడుతుంటె నన్నే అంటున్నవా బిడ్డా?" అన్నాడు. అలిగాడు గానీ తీసేశాడు.

ల్యాబ్ పరీక్షలో మా పసుపు మంచిదేనని తేలింది. చానెల్ అతను తప్పయిందని చిన్న ముక్క పెట్టాడు. పాత వీడియో మాత్రం తీయనన్నాడు. అక్క కేసు వేసింది. కోర్టులో అతని వకీలు, "ఇల్లు వాళ్లదే, గేటు వాళ్లదే. అందులో అబద్ధమేముంది?" అన్నాడు.

అప్పుడు చూడాలి మా అక్కను. "నిజమే, ఎవలు గాదన్నరు? నిజమని జెప్పి మంది గడపల కెమెరా వెడ్తరా? ఆ పిల్ల బయటికి వస్తలేదు. అది నష్టం గాదా?" అని లేచింది. వెంటనే తమాయించుకుని జడ్జి గారికి క్షమాపణ చెప్పింది. వీడియో మొత్తం తీసేయమని ఉత్తర్వు వచ్చింది.

"ఈ పరువునష్టం చట్టం పేపర్ల కాలంలో పుట్టిందండీ. పేపరు తెల్లారితే బజ్జీల కిందికి పోతుంది. ఇది పోదు. అబద్ధానికి ఒక దారి, ఇంటి గుట్టుకు ఇంకో దారి చట్టంలో తేటగా ఉండాలి" అనేది. అలాగని ఎవరు అడిగినా నోటీసు రాసేది కాదు. గుంతల రోడ్డు ఫొటో పెట్టినవాళ్ల మీద కేసు వేయమని ఒక కాంట్రాక్టరు వస్తే, "రోడ్డు మీ ఇల్లు కాదండీ" అని పంపేసింది.

ఉత్తర్వు వచ్చినా ఆ వీడియో నకళ్లు తుంగ మొలిచినట్టు ఎక్కడో ఒకచోట మొలిచేవి. ఫోన్ చేస్తే విసుక్కునేది కాదు. "మళ్లీ లేచిందా? రండి, పీకేద్దాం" అనేది. మా బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని ఫిర్యాదు ఎలా రాయాలో నేర్పింది. కొన్ని నెలలకు పిల్ల మళ్లీ కాలేజీకి వెళ్లింది. మీ వల్లే మా ఇల్లు నిలబడిందక్కా అని ఆమె బతికుండగానే చెప్పాను. "చాల్లెండి, పసుపు పంపండి" అంది. చెప్పుకోగలిగాను, అదే నా అదృష్టం.

అంత్యక్రియల రోజు ఆమె ఇంటి ముందు ఒకతను ఫోన్ ఎత్తి పట్టుకుని లైవ్ పెట్టాడు. తెరిచిన తలుపు, లోపల గుండెలు బాదుకుంటున్న తల్లి, అంతా కనబడుతోంది. నేను చూసేలోపే మా బిడ్డ వెళ్లి అతనికి అడ్డం నిలబడింది.

"అన్నా, ఇల్లు చూపెట్టకు."

"మేడం మంచిదనే చెప్తున్న చెల్లె, చెడ్డగ చెప్తలేను."

"ఎరికే అన్నా. అయినా వద్దు."

అతను ఫోన్ దించాడు. పాడె లేచేదాకా నా బిడ్డ ఆ గేటు దగ్గరే, ఎండలో, వీధి వైపు తిరిగి నిలబడి ఉంది.