పాలు కక్కే పిల్లవాడు, ఎత్తు బెల్లం

1949లో నేను సూర్యాపేటలో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గర కాంపౌండరును. కాంపౌండరంటే డాక్టరు రాసిన చీటీ చూసి మందులు కలిపి ఇచ్చేవాడు. మిక్స్చర్ సీసాకు కాగితం పట్టీ కత్తిరించి అంటించేవాళ్ళం. పట్టీ మీద ఒక్కో గాటు ఒక్కో మోతాదు. నా బడి చదువు ఉర్దూలో ఏడో జమాత్ దగ్గర ఆగిపోయింది. తెలుగు, ఇంగ్లీషు నేను ఊరి గ్రంథాలయంలో కూర్చుని నేర్చుకున్నవే. అక్కడ పిల్లల వైద్యం మీద ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఉండేది. నిఘంటువు పక్కన పెట్టుకుని రోజుకు రెండు పేజీలు చదివేవాణ్ణి. ఆ సంగతి అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేవాణ్ణి కూడా.

డాక్టరుగారిది కోదాడ. ప్రతి బుధవారం బస్సెక్కి అక్కడి రోగులను చూడడానికి వెళ్ళేవారు. ఆ రోజు దవాఖానలో నేనొక్కణ్ణే. పాత మందులు మళ్ళీ ఇవ్వవచ్చు, పుండ్లకు కట్లు కట్టవచ్చు. కొత్త రోగి వస్తే మాత్రం "రేపు రండి" అని పంపించాలి.

అలాంటి ఒక బుధవారం చివ్వెంల నుంచి అత్తాకోడళ్ళు వచ్చారు. అత్త రాములమ్మ కూలి చేసుకునే మనిషి. కోడలు సత్తెమ్మకు పుట్టిల్లు మిర్యాలగూడ దగ్గర నిడమనూరు. అక్కడ కాన్పయి, రెండు నెలల కొడుకుతో అత్తింటికి వచ్చి పది రోజులైంది. ఆమె భుజం నిండా పాల చారలు.

"తాగిన పాలన్నీ కక్కుతున్నడు బిడ్డా," అంది రాములమ్మ. "పొద్దందాక తుడుసుడే. ఇంట్ల ఒక్క బట్ట పొడిగ లేదు."

"అమ్మగారింటికాడ ఇంతగనం లేకుండె అన్నా," అంది సత్తెమ్మ మెల్లగా.

"ఆఁ, మా ఇంటి గాలే పడలేదు నీ కొడుక్కు!"

"రేపు రండి" అనవలసింది. కానీ సరిగ్గా ముందురోజు సాయంత్రమే నేను పైలోరస్ అనే మాట చదివాను. కడుపులోంచి పేగులోకి పాలు దిగే ద్వారం పేరు అది. కొందరు పసివాళ్ళలో అది బిగుసుకుపోతుందనీ, అప్పుడు ఆపరేషన్ చేయాలనీ పుస్తకంలో ఉంది. కొత్త మాట నోట్లో పెట్టుకుని ఊరుకోలేకపోయాను.

"కడుపు కింది మూతి బిగుసుకుంటే గిట్ల అయితదమ్మా. అదే అయితే హైదరాబాద్ తీస్కపోయి కోపియ్యాలె."

సత్తెమ్మ పిల్లవాణ్ణి గుండెకు అదుముకుంది. రాములమ్మ చటుక్కున లేచింది.

"రెండు నెల్ల పోరని పొట్ట కోస్తరా? నీ నోట్ల మన్ను పడ! మా ఊళ్ళె వాతలు పెట్టే ముసలామె ఉన్నది. ఐతారం పెట్టిపిస్త. రెండు వాతలతోని కక్కుడు ఖతం."

ఐతారమంటే ఆదివారం, వాతలంటే కాల్చిన గాజుముక్కతో పొట్టమీద పెట్టే చురకలు. అంతకుముందు ఏడాది అలాంటి వాత చీముపట్టిన ఒక పసిపాపకు నెల రోజులు కట్లు కట్టింది నేనే. రేపు డాక్టరు ఉంటారు, ఒక్కసారి చూపించమని బతిమాలాను. ఇద్దరూ వెళ్ళిపోయారు.

మరునాడు డాక్టరుగారికి జరిగింది చెప్పాను. ఆయన కోప్పడలేదు.

"ఆ పుస్తకం ఎంతవరకు చదివావు?"

"ఆపరేషన్ దాకా సార్. అప్పటికి గ్రంథాలయం మూసేసిండ్రు."

"తర్వాతి పేజీలో ఏముంది?"

"తెల్వదు సార్."

"అది సాయంత్రం చదువుదువుగాని. ముందు సైకిలెక్కి చివ్వెంల వెళ్ళు. భయపెట్టింది నువ్వే, తీసుకొచ్చేదీ నువ్వే."

నేను వెళ్ళేసరికి సత్తెమ్మ పిల్లవాడికి పాలిస్తోంది. నన్ను చూసి రాములమ్మ, "సైకిల్ మీద వొచ్చినవా? కత్తి గిట్ల తెచ్చినవా ఏంది?" అంది.

"తప్పు మాట్లాడిన అవ్వా. నాకు పూరా తెల్వకముందే నోరు జారిన. డాక్టర్ సాబ్ రమ్మంటున్నడు."

రాములమ్మ కోడలి ఒడిలోంచి మనవణ్ణి అందుకుంది. ఉగ్గుగిన్నెలో వస అరగదీసి ఆముదం కలిపి అప్పటికే సిద్ధంగా ఉంచింది. అది వాడి నోట్లో పోసింది. పోసిన వెంటనే దూలానికి కట్టిన చీర తొట్టెలలో వేసి ఈ గోడ నుంచి ఆ గోడదాకా ఊపింది. నాలుగు ఊపులకే వాడి నోటి పక్క నుంచి పాలు కారాయి.

"మీ అమ్మగారింట్ల గూడ గిట్లనే ఊపుతుండెనా?" అని సత్తెమ్మనడిగాను.

"ఆడ తొట్టెల లేకుండె అన్నా. పాలు తాగినంక మా అమ్మ భుజానేసుకొని తిరుగుతుండె."

తొట్టెల, ఉగ్గు సంగతి డాక్టరుకు చెప్పమని బతిమాలితే ఇద్దరూ నాతో వచ్చారు. డాక్టరుగారు తన ఎదుటే పాలు తాగించి చూశారు. పిల్లవాడి పొట్ట మెల్లగా తడిమారు. కక్కినప్పుడు పాలు దూరంగా ఎగిరిపడుతున్నాయా, ఆకుపచ్చగా గాని నెత్తురు గాని కనబడిందా, మూత్రం బాగా పోస్తున్నాడా అని ఒక్కొక్కటే అడిగారు. నేను అడగవలసిన ప్రశ్నలు అవి.

"ఇది జబ్బు కాదమ్మా," అన్నారు చివరికి. "దీన్ని రిగర్జిటేషన్ అంటారు. కడుపు పై మూతి ఇంకా గట్టిపడలేదు, నిండగానే పాలు పైకి వస్తాయి. కొంచెం కొంచెంగా తాగించండి. తాగాక కాసేపు భుజాన నిలబెట్టి ఎత్తుకోండి. వెంటనే ఊపొద్దు, ఉగ్గు మానేయండి. పడుకోబెట్టేటప్పుడు వెల్లకిలా పడుకోబెట్టండి. కూర్చోవడం వచ్చాక తగ్గుతూ వస్తుంది. పాలు ఎగజిమ్మినా, ఆకుపచ్చగా కక్కినా, పాలు ముట్టక మగతగా పడి ఉన్నా ఆ క్షణమే తీసుకురండి."

"మరి మందు?"

"మందు అక్కర్లేదు."

"మందియ్యని డాక్టరు ఏం డాక్టరు సారూ! ఐతారం నా పని నేను జేస్త."

డాక్టరుగారు పిల్లవాణ్ణి తూచి చూపిద్దామన్నారు. దవాఖానలో పసివాళ్ళ తూకం లేదు. ఎదురుగా బెల్లం దుకాణంలో తక్కెడ ఉంది. రాములమ్మ మండిపడింది.

"పసిపోరన్ని తూకమేస్తరా? దిష్టి తగల్తది. కక్కుడు తగ్గితే అమ్మవారికి వీని ఎత్తు బెల్లం ఇస్తనని మొక్కుకున్న. గా బెల్లం కోసమైతేనే తక్కెడ ఎక్కిస్త."

ఆ మాట నాకు దొరికింది.

"అయితే ఎంత బెల్లం కావాల్నో ఇప్పుడే సూస్కో అవ్వా," అన్నాను. "పదిహేను దినాలకు మల్ల సూద్దం. పాలు కడుపుల నిల్వకపోతే బెల్లం తగ్గాలె. తగ్గితే పెద్ద దవాఖానకు నేనే తోడొస్త. పెరిగితే మాత్రం వాతల మాట ఎత్తొద్దు. గప్పటిదాక వాతలు ఆపు."

ఆమె కోడలి వైపు చూసింది. సత్తెమ్మ అప్పటికే రోడ్డు దాటుతోంది.

ఒక పళ్ళెంలో మెత్తటి గుడ్డ పరిచి పిల్లవాడు, ఇంకో పళ్ళెంలో బెల్లం ముద్దలు. ఐదు సేర్లకు ఒక ఛటాకు, అంటే సేరులో పదహారో వంతు, తక్కువ తూగాడు.

ఆ సాయంత్రం గ్రంథాలయంలో తర్వాతి పేజీ తిప్పాను. మొదటి వాక్యంలోనే ఉంది: బరువు పెరుగుతూ హాయిగా ఉన్న బిడ్డ పాలు కక్కితే సాధారణంగా భయం లేదని. ఆ వాక్యం చదవకుండానే నేను ఒక తల్లిని ఏడిపించాను. ఆదివారమంతా నా మనసు చివ్వెంలలోనే ఉంది.

పదిహేనో రోజు వాళ్ళు వచ్చారు. ముందు వాడి చొక్కా ఎత్తి చూశాను. పొట్ట నున్నగా ఉంది. తూకంలో ఆరు ఛటాకులు పెరిగాడు. తక్కెడలోంచి ఎత్తుకోగానే నా చొక్కా మీద కక్కాడు.

రాములమ్మ పకపకా నవ్వింది. "కక్కుకుంటనే పెరుగుతున్నడు దొంగ! మొక్కు తీర్సేనాటికి బండి కట్టాలె బెల్లానికి."

తర్వాత చాలా ఏళ్ళు ఆ పనిలోనే ఉన్నాను, చాలా పుస్తకాలు చదివాను. సగం చదివింది రోగి ముందు మాట్లాడకూడదని ఆ పిల్లవాడి దగ్గరే నేర్చుకున్నాను. పాలు కక్కే బిడ్డతో ఎవరు వచ్చినా, డాక్టరుగారు అడిగిన ప్రశ్నలే వరుసగా అడిగి, ఆ తర్వాతే నోరు విప్పేవాణ్ణి.

తూకం వేసిన మరుసటి ఎండాకాలం రాములమ్మ మనవణ్ణి చంకనేసుకుని వచ్చింది. వాడు కక్కడం మానేసి రెండు నెలలైందట. మొక్కు తీర్చిన బెల్లంలోంచి ఒక ముక్క విరిచి నా చేతిలో పెట్టింది.

"తిను బిడ్డా. నువ్వు కోస్తనన్న పోరనిదే."