అక్షరాల మీద అడుగు

మహదేవపురలో మా అక్క ఫ్లాటూ నా ఫ్లాటూ ఎదురెదురు. ఆమె మనవరాలికి నాలుగేళ్లు. బడిలో అక్షరాలన్నీ వరసగా అప్పజెప్పడం నేర్పారు. ఒక్కదాన్ని విడిగా చూపించి అడిగితే మాత్రం నోరు మెదపదు. నాకు ఒళ్లు మండింది. నా పాత జీన్సు ప్యాంట్లను పీటంత ముక్కలుగా కత్తిరించాను. అక్క దగ్గర మిగిలిన రవిక గుడ్డలతో అక్షరాలు చేసి వాటి మీద కుట్టాను. జారకుండా అడుగున సైకిల్ ట్యూబు అంటించాను. ఏ అక్షరం మీదికి దూకితే ఆ శబ్దం గట్టిగా పలకాలి, అంతే ఆట. రెండో రోజు ఆ పిల్ల ‘త’ మీద ఒక కాలు, ‘ల’ మీద ఇంకో కాలు వేసి, తనంతట తానే "తల" అంది. తన తల తడుముకుని నవ్వింది.

ఐదో రోజు అక్క చూసింది.

"ఏమప్పా, సరస్వతిని కాళ్లతో తొక్కిస్తా ఉండావే?"

"అది నా పాత ప్యాంటక్కా."

"ప్యాంటే. దాని మీద ఉండేది ఎవరు?"

అప్పటికప్పుడు ఒక నియమం పెట్టింది. దూకిన ప్రతిసారీ వంగి, ఆ అక్షరాన్ని తాకి, కళ్లకు అద్దుకోవాలట, పుస్తకానికి కాలు తగిలితే చేసినట్టు. మూడు గెంతులకే పిల్ల అలసిపోయింది. నాలుగోసారి దండం మరిచిపోతే వీపు మీద ఒకటి పడింది. మర్నాడు గోడకు అంటుకుని నిలబడింది.

"నాకింక చదువు రాదంట తాతా. తొక్కేసినానంట."

ఇదీ మన అక్షరభక్తి. అక్షరానికి ఎప్పుడైనా నొప్పి పుట్టిందా? నొప్పి పుట్టింది ఆ బిడ్డ వీపుకి. తరతరాలుగా ఎందరినో చదువుకు దూరంగా నిలబెట్టింది కూడా ఈ పవిత్రత పేరు చెప్పే కదా.

"నువ్వు దూకమ్మా" అన్నాను.

అక్క గుమ్మంలోనే ఉంది. "దూకనీ. రేపు దీనికి చదువు రాకపోతే ఆ పాపం ఎవరిదప్పా?"

"నాదే. నా నెత్తినే వెయ్యి."

పిల్ల మా ఇద్దరి మొహాలూ చూసింది.

"అవ్వా, పాపం తాత తీసుకున్నాడు. నేను దూకొచ్చా?"

పిల్ల ‘మ’ మీదికి దూకి, ఇల్లు అదిరేలా పలికింది.

పాపమన్నదే లేదని ఏళ్ల తరబడి సభల్లో వాదించినవాణ్ణి. ఒక పసిపాదం కదలాలంటే ఆ లేనిదాన్నే నెత్తికెత్తుకోవలసి వచ్చింది. ఆ మంట నాకింకా చల్లారలేదు.