ఒకటో నంబర్ మైకు

2024 చలికాలం. సూర్యాపేట కాలేజీ గ్రౌండ్‌లో సాయంత్రం పాటల ప్రోగ్రాం. వచ్చింది హైదరాబాద్ రాక్ బ్యాండు, అందరూ అరవై దాటినవాళ్లే. కుర్రాళ్ల ఓట్ల మీద కన్నేసి వాళ్లను పిలిపించింది మా వార్డు లీడర్. ఏ పాటలు పాడతారో అడిగిన పాపాన పోలేదు. సౌండ్ నాది. కోదాడ నుంచి మిర్యాలగూడ దాకా ఆ లీడర్ పార్టీ మీటింగులన్నిటికీ నా బాక్సులే. మా ఇల్లు నడిచేది వాటి మీదే.

సౌండ్ చెక్ అంటే ముందుగా ఒక్కో మైకూ సరిచూసుకోవడం. అది చేస్తుంటే బ్యాండులో పాడే పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు.

"తమ్ముడూ, ఆఖరి పాటల నా మాట సాఫ్‌గ వినపడాలె."

"ఏం పాటన్నా?"

"గెలిచినంక ఏడున్నవ్?"

నవ్వొచ్చింది. గెలిచాక మా వీధి మొహం చూడని లీడర్ ముందు ఆ పాటా!

ప్రోగ్రాం ఆఖర్న ఆ పాట అందుకోగానే ముందు వరుసలో లీడర్ మొహం మాడిపోయింది. ఆయన మనిషి మల్లేశ్ నా సౌండ్ మిక్సర్ దగ్గరికి ఉరికొచ్చాడు.

"మైకు బంద్ చెయ్!"

"పాట అయిపోనియ్యన్నా."

"మా మీటింగులు వద్దా నీకు? ఇయ్యాల్టితో ఖతం అయితయ్, సూస్కో."

ఒళ్లు మండింది. నల్లా నీళ్ల కోసం ఆ లీడర్ గుమ్మం ఎన్నిసార్లు తొక్కాను! చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"నేను చెయ్య. ఏం చేస్కుంటవో చేస్కో."

మల్లేశ్ నన్ను నెట్టి ఒకటో ఫేడర్‌ను, అంటే శబ్దం పెంచి తగ్గించే మీటను, కిందికి లాగాడు. మీటింగుల్లో ఒకటో నంబర్ ఎప్పుడూ లీడర్ మైకుదే. ఇన్నాళ్లూ మల్లేశ్ చూసింది అదే. బ్యాండు వస్తే మాత్రం ఒకటో నంబర్ పెద్ద డ్రమ్ముకు ఇస్తాం. డ్రమ్ము మోత పడిపోయి, పెద్దాయన గొంతు గ్రౌండంతా ఖంగున మోగింది.

"గెలిచినంక ఏడున్నవ్?"

జనం చప్పట్లతో దరువు అందుకున్నారు. మల్లేశ్ గుడ్లప్పగించి చూస్తున్నాడు. అతని కళ్లముందే పెద్దాయన గొంతు మీటను ఇంకాస్త పైకి తోశాను.

అన్నట్టే ఆ పార్టీ మీటింగులన్నీ పోయాయి. పెళ్లిళ్ల మీద నెట్టుకొస్తున్నాను. కష్టంగానే ఉంది, అబద్ధమెందుకు. కానీ నా పని ఏమిటో ఆ రోజు తెలిసింది. ఇప్పుడు బుకింగ్‌కు ఏ పార్టీవాళ్లు వచ్చినా ముందే చెప్తున్నాను:

"సౌండ్ తగ్గియ్యమంటే తగ్గిస్త. ఎవరిదన్న నోరు మూయమంటే, ఇంకో కొట్టు సూస్కోండ్రి."